మా పొలం కింద గీసిన ఆ గీత ఏమిటి?

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లె. చాలా ఏళ్లుగా హ్యూస్టన్ పక్కన కేటీలో ఉంటున్నాం. 2022లో నలుగురు స్నేహితులం కలిసి గొంజాలెస్ కౌంటీలో 40 ఎకరాల పొలం కొన్నాం. ఈమధ్య పక్క రాంచ్ ఆయన చెబితే, టెక్సస్‌లో చమురు బావులకు పర్మిట్లిచ్చే రైల్‌రోడ్ కమిషన్ వారి మ్యాపు తెరిచి చూశాను. మైలుకు పైగా దూరంలో వేరొకరి భూమిలో మొదలైన గీత ఒకటి మా పొలం వెనక భాగం కిందుగా అవతలికి పోతోంది. ఒకే పేరు మీద 1హెచ్ నుంచి 4హెచ్ దాకా నాలుగు పర్మిట్లు కనిపిస్తున్నాయి. మమ్మల్ని ఎవరూ ఒక్కమాట అడగలేదు. పర్మిట్ వచ్చిందంటే చమురు పడినట్టేనా? మా కిందుగా ఎలా తవ్వుతారు? ఇంతలో మా ఖనిజ హక్కులు కొంటామంటూ ఒక కంపెనీ చెక్కులాంటి కాగితం జతచేసి ఉత్తరం పంపింది. తెలిసినాయన ఒకరు, "పర్మిట్ కూడా వచ్చేసింది, బావిలో వాటా తీసుకోండి" అని వేరే బావికి డబ్బు పోగుచేస్తున్నారు. చిన్నతనంలో పాశర్లపూడి గ్యాసు బావి మంట చూసినవాణ్ణి కనుక భయం కూడా ఉంది. ఏం చేయమంటారు?

సమాధానం: మీ మొదటి ప్రశ్నకు ముందు సూటిగా జవాబు చెబుతాను. పర్మిట్ వచ్చిందంటే చమురు పడినట్టు కాదు, తవ్వకం మొదలైనట్టు కూడా కాదు. ఫలానా చోట, ఫలానా లోతుకు, ఫలానా దిక్కుగా బావి తవ్వుకుంటానని ఒక కంపెనీ దరఖాస్తు పెట్టుకుంటే, మా నియమాల ప్రకారం అందుకు అభ్యంతరం లేదని రాష్ట్ర సంస్థ ఇచ్చిన కాగితమే పర్మిట్. మన ఊళ్లో పంచాయతీ వారు ఇంటి ప్లాను మంజూరు చేస్తే ఇల్లు లేచినట్టూ కాదు, ఆ స్థలం దరఖాస్తుదారుడిదేనని పంచాయతీ తీర్పు చెప్పినట్టూ కాదు, ఇదీ అంతే. మీరు చూసిన గీత ప్లాను మాత్రమే. మీకు నిజంగా కావలసిన సంగతి, అంటే ఆ చమురులో మీకు వాటా ఉందా లేదా అన్నది, ఆ ప్లానులో ఎంత వెతికినా దొరకదు. అది మీరు భూమి కొన్నప్పటి డీడ్‌లోనూ, గొంజాలెస్ కౌంటీ క్లర్క్ ఆఫీసు పుస్తకాల్లోనూ ఉంటుంది. ఉత్తరం అంతటా మీరు పర్మిట్ గురించే అడిగారు, డీడ్ ఊసు ఒక్కచోటా రాలేదు. అందుకే ముందు పర్మిట్ సంగతి తేల్చి, తరువాత డీడ్ దగ్గరికి వస్తాను.

రైలుతో సంబంధం లేని పనికి రైల్‌రోడ్ కమిషన్ అనే పేరేమిటని కొత్తవాళ్లందరికీ వచ్చే సందేహం మీకూ వచ్చే ఉంటుంది. 1891లో రైలు కంపెనీలను అదుపులో పెట్టడానికే దీన్ని పెట్టారు, 1919 నుంచి చమురు, గ్యాసు కూడా దీని కిందికి వచ్చాయి, 2005లో రైళ్ల పని పూర్తిగా వేరే శాఖకు పోయినా పేరు మాత్రం మిగిలిపోయింది. టెక్సస్‌లో చమురు బావి తవ్వదలచిన కంపెనీ డబ్ల్యూ-1 అనే దరఖాస్తు ఇక్కడే పెట్టుకోవాలి. దరఖాస్తు పెట్టిన సంస్థ తన వివరాలు నమోదు చేసుకుందా, తగిన పూచీ కట్టిందా, బావికీ హద్దుకూ మధ్య, బావికీ బావికీ మధ్య ఉండవలసిన దూరం ఉందా, బావికి సరిపడా ఎకరాలు చూపించారా అన్నవి కమిషన్ చూస్తుంది. రాష్ట్రమంతటికీ వర్తించే రూల్ 37 ప్రకారం లీజు (చమురు తీసుకోమని ఖనిజ హక్కుదారులు కంపెనీకి రాసిచ్చిన భూమి) హద్దు నుంచి 467 అడుగులు, అదే లీజులోని మరో బావి నుంచి 1,200 అడుగులు ఉండాలి. రూల్ 38 ఒక్కో బావికి మామూలుగా 40 ఎకరాలు అడుగుతుంది. అడ్డంగా తవ్వే బావులకు రూల్ 86 ఉంది. వీటన్నిటి మీదా ఆయా ఫీల్డులకు, అంటే చమురు క్షేత్రాలకు, ప్రత్యేక నియమాలు ఉంటాయి, షేల్ అనే బిగువు రాతి నుంచి చమురు తీసే ఫీల్డుల్లో ఆచరణలో నడిచేవి అవే. ఈ దూరాల్లో మినహాయింపు కావాలని కంపెనీ అడిగితే పక్క హద్దుల్లో ఉన్న హక్కుదారులకు నోటీసు వస్తుంది, దానికి గడువు కూడా ఉంటుంది. కనుక కమిషన్ పేరుతో వచ్చే ఏ కవరునూ చెత్త ఉత్తరం అనుకుని పారేయకండి.

కమిషన్ చూడనిది ఒకటుంది: భూగర్భ హక్కు ఎవరిది అన్న వివాదంలోకి అది దిగదు. దరఖాస్తుదారుకు ఆ హక్కు ఉందని నమ్మడానికి నిజాయితీగల ఆధారం కనిపిస్తే పర్మిట్ ఇచ్చేస్తుంది, తగాదా ఉంటే కోర్టులో తేల్చుకోవలసిందే. టెక్సస్ సుప్రీంకోర్టు మాగ్నోలియా పెట్రోలియం కేసులో 1943లోనే ఈ మాట చెప్పింది. కాబట్టి పర్మిట్ ఉంది గనుక మా కింద తవ్వే హక్కు వాళ్లకు ఉన్నట్టే అనుకోవడం ఎంత తప్పో, పర్మిట్‌లో మా పేరు లేదు గనుక మాకు హక్కు లేనట్టే అనుకోవడమూ అంతే తప్పు.

ఇక పర్మిట్‌ను దగ్గర పెట్టుకుని చదవండి. అన్నిటికన్నా పైన ఏపీఐ నంబరు ఉంటుంది. అది 42-177తో మొదలవుతుంది. 42 టెక్సస్ రాష్ట్రానికి, 177 గొంజాలెస్ కౌంటీకి, తరువాతి అయిదంకెలు ఆ బావికి. లీజు పేర్లు మారతాయి, కంపెనీలు అమ్ముడుపోతాయి, ఈ నంబరు మాత్రం బావితోనే ఉంటుంది కనుక దాన్ని రాసిపెట్టుకోండి. ఆ తరువాత కంపెనీ పేరు, లీజు పేరు, బావి నంబరు, ఫీల్డు పేరు ఉంటాయి. నంబరు చివర హెచ్ అంటే హారిజాంటల్, అడ్డంగా సాగే బావి. స్థలాన్ని చెప్పడానికి మన దగ్గర సర్వే నంబరు, హద్దులు ఉన్నట్టే, ఇక్కడ మొదట్లో భూమి పొందిన పట్టాదారుల పేర్లతో సర్వేలు, వాటికి అబ్‌స్ట్రాక్ట్ నంబర్లు ఉంటాయి; బావి ఫలానా సర్వే ఈశాన్యపు గీత నుంచి ఇన్ని అడుగులు, వాయవ్యపు గీత నుంచి ఇన్ని అడుగులు అని రాస్తారు. మ్యాపు మీది గీతను నమ్మి అడుగులు కొలవకండి. మ్యాపు ఒక అందాజుకు మాత్రమే. దరఖాస్తుకు జతచేసిన ప్లాట్, అంటే సర్వేయరు గీసిన నక్షా, అదే వెబ్‌సైటులో డబ్బు కట్టకుండా తీసుకోవచ్చు.

ఆ నక్షాలో వరసగా కొన్ని చుక్కలు కనిపిస్తాయి. రిగ్గు నిలబడే చోటు మొదటిది. బావి షేల్ పొరలోకి దిగే చోటు ఇంకొకటి. ఆ తరువాత మొదటి టేక్ పాయింట్, చివరి టేక్ పాయింట్ అని రెండు ఉంటాయి, ఆ రెంటి నడుమనే గొట్టానికి కన్నాలు పొడిచి చమురు తీస్తారు. అన్నిటికన్నా కొసన బావి ఆగే చోటు. మీ నలభై ఎకరాల హద్దు ఆ నక్షా మీద పెన్సిలుతో గీసుకుని, మీ పొలం ఆ రెండు టేక్ పాయింట్ల నడుమ పడుతోందా, బయట పడుతోందా చూడండి. నడుమ పడితే మీ కింది రాతి నుంచి చమురు తీస్తారు, బయట పడితే గొట్టం మీ కిందుగా దాటి పోతుంది. మీ విషయంలో ఈ రెంటికీ చాలా తేడా ఉంది.

మైలు అవతల నిలబడ్డ రిగ్గు మీ కిందికి ఎలా వస్తుందన్నది మీ మరో ప్రశ్న. మీ ప్రాంతంలో కంపెనీలు చమురు తీసే ఈగిల్ ఫోర్డ్ షేల్ అనేది దాదాపు 9 కోట్ల ఏళ్ల కిందటి సముద్రపు బురద గట్టిపడి ఏర్పడిన రాయి. గొంజాలెస్ ప్రాంతంలో ఆస్టిన్ చాక్ అనే సుద్దరాయికి కింద, బ్యూడా అనే సున్నపురాయికి పైన ఇరుక్కుని వేల అడుగుల లోతులో ఉంటుంది. (పేరు మాత్రం డాలస్‌కు పడమటనున్న పాత ఊరిది, అక్కడ ఈ పొర నేల మీదికి తేలి కనిపిస్తుంది. డాలస్ పక్కన ఉండే మనవాళ్లు కొందరు రోజూ దాని మీదుగానే ఆఫీసుకు పోతుంటారు.) చమురు, గ్యాసు తీసే మేర ఈ పొర 400 మైళ్ల పొడవు, 50 మైళ్ల వెడల్పు పరుచుకుని ఉన్నా మందం సగటున 250 అడుగులే. అందులో చమురు ఉంది కానీ రాయి ఎంత బిగువంటే ఆ చమురు తనంతట తాను నడిచి బావిలోకి రాదు. నిలువుగా బావి వేస్తే ఆ పొరను తాకేది 250 అడుగులు మాత్రమే. ఆత్రేయపురం పూతరేకుల మడతలోకి పైనుంచి సూది గుచ్చితే ఒక్కో రేకుకు తగిలేది సూది మొనంతే. అదే సూదిని రెండు రేకుల నడుమ అడ్డంగా పోనిస్తే సూది పొడవంతా రేకుకు తగులుతుంది. షేల్‌లో అడ్డంగా తవ్వడం వెనక ఉన్న ఆలోచన ఇదే.

ఉక్కు గొట్టం వంగుతుందా అని మీకు అనుమానం రావచ్చు. ఇల్లు కట్టేటప్పుడు రిక్షా మీద వేసుకొచ్చే పొడవైన ఇనుప చువ్వల కొసలు నేలకు వంగి ఈడ్చుకుపోవడం మీరు చూసే ఉంటారు. పొడవు చాలినంత ఉంటే ఇనుము వంగుతుంది, ఇక్కడ పొడవుకు లోటు లేదు. కావలసిన లోతుకు కొన్ని వందల అడుగులు పైనుండగానే బావిని వంచడం మొదలుపెడతారు. బిట్ (రాయిని తొలిచే మొన) వెనక ఉండే మోటారును కొద్దిగా వంపుతో అమర్చి, గొట్టంలోంచి కిందికి పంపే బురద ద్రవం ఒత్తిడితో దాన్ని తిప్పుతూ, ప్రతి 100 అడుగులకు సుమారు 10 డిగ్రీల చొప్పున వంచుకుపోతారనుకోండి. నిలువు నుంచి అడ్డానికి 90 డిగ్రీలు తిరగడానికి 900 అడుగుల గొట్టం పడుతుంది, ఆ వంపు 573 అడుగుల వ్యాసార్ధం గల వలయంలో నాలుగో వంతు. షేల్ 10,000 అడుగుల లోతున ఉందనుకుంటే, నిలువుగా 9,427 అడుగులు, వంపు 900, ఆపైన అడ్డంగా రెండు మైళ్లకు కాస్త తక్కువగా మరో 10,000, మొత్తం గొట్టం పొడవు 20,327 అడుగులు. లోతు పది వేలే కానీ బావి పొడవు ఇరవై వేలు దాటింది. కాగితాల్లో లోతుకు రెండు అంకెలు ఎందుకుంటాయో ఇప్పుడు మీకే తెలుస్తుంది. కింద బిట్ ఎటు పోతోందో తెలియడానికి దాని వెనకనే సూచికలు ఉంటాయి. అవి బురద ద్రవంలో ఒత్తిడి దెబ్బలుగా సంకేతాలు పంపుతాయి, రాతిలో సహజంగా ఉండే గామా కిరణాల హెచ్చుతగ్గులను బట్టి పొర దాటిపోతున్నామా లేదా అని పైన కంప్యూటరు ముందు కూర్చున్నవాళ్లు కనిపెట్టి దారి సరిచేస్తుంటారు.

తవ్వడం అయ్యాక కేసింగ్ గొట్టం దించి, చుట్టూ సిమెంటు పోసి, కొస నుంచి వెనక్కి వస్తూ ముక్కముక్కగా గొట్టానికి కన్నాలు పేలుస్తారు. ప్రతి ముక్కలోనూ నీళ్లు, ఇసుక, కొద్ది మోతాదు రసాయనాలు భారీ ఒత్తిడితో పంపి రాయిని చీలుస్తారు. నీళ్లు వెనక్కి వచ్చేసినా ఇసుక రేణువులు ఆ చీలికలు మూసుకుపోకుండా నిలబెడతాయి. ఫ్రాకింగ్ అని మీరు వినే మాట ఇదే. 2008లో లా సాల్ కౌంటీలో పెట్రోహాక్ కంపెనీ తవ్విన మొదటి ఈగిల్ ఫోర్డ్ బావిలో అడ్డపు భాగం 3,200 అడుగులు, చీలికల దశలు 10, మొదటి పరీక్షలో రోజుకు 76 లక్షల ఘనపుటడుగుల గ్యాసు వచ్చింది. ఇప్పటి పొడవుల ముందు అది చిన్న బావి, కానీ దక్షిణ టెక్సస్‌లో ఈ జాతర అంతా దానితోనే మొదలైంది. మన దేశం నుంచి 2010లో రిలయన్స్ ఇక్కడ పయనీర్ కంపెనీ భూముల్లో 45 శాతం వాటా, 2011లో గెయిల్ కారిజో కంపెనీ భూముల్లో 20 శాతం వాటా కొన్నాయి. కోనసీమలో పైపుల మీద చూసిన గెయిల్ పేరు ఒకప్పుడు మీ పొలం ఉన్న షేల్‌లో కూడా వినబడిందన్నమాట.

నాలుగు పర్మిట్లు ఎందుకంటే, ఒకే చదును మీద రిగ్గును కొద్ది అడుగులు జరుపుతూ పక్కపక్కనే నాలుగు బావులు వేయడం చవక కనుక. అలాగని నాలుగూ తవ్వుతారని లేదు. బావి ఖర్చుతో పోలిస్తే పర్మిట్ ఫీజు లెక్కలోకి రానిది. అందుచేత కంపెనీలు ధర పెరిగితే పనికొస్తాయని ముందే కొన్ని తెచ్చుకుని పెట్టుకుంటాయి. టెక్సస్‌లో పర్మిట్ గడువు రెండేళ్లు. ఆలోగా తవ్వకం మొదలుపెట్టకపోతే అది రద్దయినట్టే, మళ్లీ దరఖాస్తు పెట్టుకోవాలి. మీరు పర్మిట్ మీది తేదీ రాయలేదు, చూసుకోండి. తవ్వి ఫ్రాకింగ్ చేయకుండా వదిలేసిన బావులు కూడా ఉంటాయి. నిజంగా ఏం జరిగిందో చెప్పేవి తరువాత దాఖలయ్యే కాగితాలు: బావి వాస్తవంగా ఏ దారిన పోయిందో చెప్పే డైరెక్షనల్ సర్వే, 24 గంటల పరీక్షలో ఎంత వచ్చిందో చెప్పే డబ్ల్యూ-2. ఆ మొదటి రోజు అంకె చూసి మురిసిపోకండి. షేల్ బావిలో మొదటి ఏడాదిలోనే ఉత్పత్తి సగానికి పైగా పడిపోవడం మామూలే. ఇంకో చిక్కు, టెక్సస్‌లో చమురు ఉత్పత్తిని బావి వారీగా కాక లీజు వారీగా నమోదు చేస్తారు కనుక, ఒక లీజులో ఆరు బావులుంటే ఏది ఎంత ఇస్తోందో ఆ లెక్కల్లో తేలదు.

ఇప్పుడు డీడ్ దగ్గరికి. మన దేశంలో చమురు తవ్వుకోవడానికి లీజు ఇచ్చేది ప్రభుత్వమే, రైతుకు భూమి వాడుకున్నందుకు పరిహారం వస్తుంది తప్ప చమురులో వాటా రాదు. అమెరికాలో నేల కింది ఖనిజం కూడా ప్రైవేటు ఆస్తి కావచ్చు, అది పైభూమి నుంచి విడిపోయి వేరొకరి చేతికి పోవచ్చు. తాతలనాటి నుంచి భూమి ఉన్న కుటుంబం పొలం అమ్ముతూ ఖనిజాలు మాత్రం తమకే ఉంచుకున్నామని డీడ్‌లో ఒక్క వాక్యం రాస్తే చాలు. గొంజాలెస్ లాంటి చోట చిన్న పొలాలు చేతులు మారేటప్పుడు ఇలా రాయడం తరచుగా చూస్తాం. మీ డీడ్‌లో మినహాయింపులు, నిలుపుకున్న హక్కులు అన్న భాగం తీసి చదవండి. అక్కడ ఏమీ లేదని సంతోషించకండి, మీకు అమ్మినాయనకు అమ్మినవాళ్లు అంతకుముందే ఉంచుకుని ఉండవచ్చు. మన దగ్గర ఈసీ తీయించి లింకు డాక్యుమెంట్లు ఒక్కొక్కటీ వెనక్కి చూసుకుంటూ పోయినట్టే, ఇక్కడ కూడా మొదటి పట్టా దాకా వెళ్లాలి. టైటిల్ ఇన్సూరెన్స్ తీసుకున్నాం కదా అనవద్దు, ఆ పాలసీల్లో ఖనిజాలను మినహాయించడం పరిపాటి. ఈ వెతుకులాట చేసి పెట్టేవాళ్లను ల్యాండ్‌మన్ అంటారు. నలుగురూ పంచుకుంటే భరించలేని ఖర్చు కాదు, భూమి కొనేటప్పుడే చేయించవలసిన పని.

వెతికితే తేలేవి ఏమిటో చూద్దాం. మీకు ఖనిజాల్లో వాటా లేదని తేలితే, వాటా ఉన్నవారు కంపెనీకి లీజు ఇచ్చి ఉంటారు కనుక మిమ్మల్ని అడగవలసిన అవసరం వాళ్లకు లేకపోయింది. ఆ లీజు ఏ 2010లోనో మూడేళ్ల గడువుతో ఇచ్చినది కూడా కావచ్చు. ఒకసారి ఉత్పత్తి మొదలైతే ఉత్పత్తి సాగినన్నాళ్లూ లీజు సాగుతుంది. ఇంకో కఠినమైన సంగతి కూడా ఉంది. టెక్సస్ చట్టంలో ఖనిజ హక్కుదే పైచేయి; చమురు తీయడానికి సమంజసంగా అవసరమైనంత మేర పైభూమిని వాడుకునే హక్కు దానికి ఉంది. 1971 నాటి గెట్టీ ఆయిల్ వర్సెస్ జోన్స్ తీర్పు వల్ల, మీరు అప్పటికే చేసుకుంటున్న వాడకాన్ని వీలైన చోట గౌరవించవలసిన బాధ్యత కంపెనీ మీద పడింది, అంతకుమించి ఆశించకండి. మీ విషయంలో రిగ్గు మైలు అవతల ఉంది కాబట్టి మీ గడ్డి కూడా నలగదు. గొట్టం మీ కిందుగా దాటి పోవడం మాత్రమే అయితే, 2017లో లైట్నింగ్ ఆయిల్ కేసులో టెక్సస్ సుప్రీంకోర్టు చెప్పినది మీకు పనికొస్తుంది: రాతి గుండా దారి ఇచ్చే అధికారం పైభూమి యజమానికి ఉందనీ, ఖనిజాలు లీజుకు తీసుకున్న కంపెనీ దాన్ని అడ్డుకోలేదనీ ఆ తీర్పు. మీ కిందుగా దారి కావలసినవాళ్లు మీతో మాట్లాడారా లేదా అన్న ప్రశ్న అప్పుడు వకీలు దగ్గర అడగదగ్గదే.

మీకు వాటా ఉంది, దాని మీద పాత లీజు కూడా ఉందని తేలితే, భూమితోపాటు ఆ లీజు కూడా మీకు సంక్రమించింది. మీ డీడ్ నకలు కంపెనీ ఓనర్ రిలేషన్స్ విభాగానికి పంపి రాయల్టీని, అంటే చమురు అమ్మకంలో హక్కుదారుకు వచ్చే వంతును, మీ పేర్ల మీదికి మార్పించుకోవాలి, వాళ్లంతట వాళ్లు వెతుక్కుంటూ రారు. వాటా ఉండి లీజు లేదని తేలితే, మీ పొలం కింది ఖనిజాలన్నీ మీవే అయిన పక్షంలో, మీ కింద టేక్ పాయింట్లు పెట్టడానికి మీ సంతకం కావాలి. కానీ సగం హక్కు మీది, సగం వేరొకరిది అయి, ఆ వేరొకరు లీజు ఇచ్చేస్తే, మీరు సంతకం పెట్టకపోయినా కంపెనీ తవ్వవచ్చు, ఖర్చులు పోను మిగిలిన లాభంలో మీ వంతు లెక్క చెప్పాలి. అలాగని సంతకం పెట్టకుండా భీష్మించి కూర్చోవడం కూడా తెలివి కాదు. పక్క భూమిలో చీల్చిన రాతి పగుళ్లు మీ హద్దు దాటి వచ్చి మీ చమురు లాగేసినా ఆ నష్టానికి పరిహారం రాబట్టలేరని 2008లో కోస్టల్ ఆయిల్ వర్సెస్ గార్జా కేసులో కోర్టు చెప్పింది.

డబ్బు లెక్క ఎలా ఉంటుందో ఊహకు ఒకటి చెబుతాను. 40 ఎకరాల కింద ఖనిజాల్లో సగం మీవి అనుకోండి, అంటే 20 ఎకరాల లెక్క. మీ పొలాన్ని 640 ఎకరాల యూనిట్‌లో, అంటే ఒకే బావి లెక్క కింద కలిపిన పలువురి భూముల్లో, కలిపారు, రాయల్టీ నాలుగో వంతు. 20ని 640తో భాగించి నాలుగో వంతు చేస్తే 0.0078125. బావి రోజుకు 500 బ్యారెళ్లు ఇస్తూ ధర 60 డాలర్లుంటే, రోజు అమ్మకం 30,000 డాలర్లు, మీ వంతు 234 డాలర్లు. దాన్ని నలుగురు పంచుకోవాలి. రాష్ట్రం చమురు మీద వేసే 4.6 శాతం పన్ను, కౌంటీ పన్ను, ఆదాయపు పన్ను అందులోంచే పోతాయి, పైగా అది ఏడాది తిరిగేసరికి సగమో అంతకంటే తక్కువో అవుతుంది. పాత లీజులయితే రాయల్టీ ఎనిమిదో వంతే ఉండవచ్చు, అప్పుడు ఆ 234 కాస్తా 117. ఇది కాదనుకోవలసిన డబ్బు కాదు, అలాగని ఉద్యోగం మానేసే డబ్బూ కాదు.

ఈ లెక్క చేయకుండా ఆ కొనుగోలు ఉత్తరానికి జవాబు రాయకండి. దానితో వచ్చిన చెక్కులాంటి కాగితం మామూలుగా డ్రాఫ్టు (మన డీడీలాగా ఖాయమైన డబ్బు కాదు) అయి ఉంటుంది, టైటిల్ నచ్చితేనే ఇన్ని రోజుల్లో చెల్లిస్తామని దాని మీదనే రాసి ఉంటుంది. జతచేసిన పత్రం మొదటి పేజీలో లీజు అని ఉందా, మినరల్ డీడ్ అని ఉందా అన్నది ఒక్కటే ముందు చూడండి. లీజు అయితే గడువు తీరాకో ఉత్పత్తి ఆగాకో తిరిగి వస్తుంది, డీడ్ అయితే శాశ్వతంగా పోయింది. ఈ ఉత్తరం వచ్చినంత మాత్రాన మీకు హక్కు ఉందని రుజువు కాదు గానీ, మీ పక్కన పర్మిట్లు పడ్డాక వచ్చింది కనుక, పంపినవాళ్లు కౌంటీ పుస్తకాల్లో ఏదో చూసి ఉండవచ్చు. వాళ్లు చూసినదాన్ని మీరూ చూశాకే మాట్లాడండి. లీజు దాకా వస్తే, మీ పైభూమి మీద అడుగు పెట్టకూడదనే షరతు, యూనిట్‌లో కలపని ఎకరాలు గడువు తీరాక విడిపోవాలనే షరతు, రాయల్టీలోంచి రవాణా ఖర్చులు కోయకూడదనే షరతు అడగండి. ఆయిల్ అండ్ గ్యాస్ లీజులే పనిగా చూసే వకీలు ఒకరు చదవకుండా సంతకం వద్దు. ఇళ్ల రిజిస్ట్రేషన్లు చూసే వకీలు ఎంత మంచివారైనా ఇది వారి పని కాదు.

బావిలో వాటా తీసుకోమంటున్న ఆయన సంగతి వేరు. రాయల్టీ హక్కుదారుకు బావి తవ్వే ఖర్చు లేదు, వచ్చిన దానిలో వంతు వస్తుంది. ఆయన అమ్ముతున్నది బహుశా వర్కింగ్ ఇంటరెస్ట్, అంటే ఖర్చులో కూడా వాటా. బావి ఎండిపోయినా, గొట్టం ఇరుక్కున్నా, చివరకు బావిని సిమెంటుతో మూసేటప్పుడు కూడా మీ వంతు బిల్లు వస్తుంది. పర్మిట్ వచ్చిందన్న మాటను హామీలాగా ఎవరైనా వాడితే అక్కడే ఆగిపోండి, ఎందుకంటే అది ఎంత చిన్న మెట్టో పైన చూశాం. ఏపీఐ నంబరు అడగండి, కమిషన్ వెబ్‌సైటులో ఆపరేటరు (బావి నడిపే కంపెనీ) పేరు ఆయన చెప్పిన పేరుతో సరిపోయిందా చూడండి, ఈ వాటాల అమ్మకం గురించి టెక్సస్ స్టేట్ సెక్యూరిటీస్ బోర్డులో విచారించండి. మనవాడు కదా అడిగితే బాగుండదేమో అనిపిస్తుంది. నా అభిప్రాయంలో మనవాడు కనుకనే అడగాలి, నొచ్చుకుంటే నొచ్చుకోనివ్వండి.

ఇక మీ భయం. 1995 జనవరి 8న పాశర్లపూడిలో ఎగసిన మంట 65 రోజులు మండింది, దాన్ని కళ్లతో చూసినవాళ్లకు రిగ్గు అన్న మాట వింటేనే గుండె జల్లుమనడం సహజం. తవ్వేటప్పుడు బురద ద్రవం బరువే కింది ఒత్తిడిని అణిచి ఉంచుతుంది, అది చాలనప్పుడు బావి మూతి దగ్గర బ్లోఅవుట్ ప్రివెంటర్ (బావి ఎగదన్నకుండా ఆపే కవాటాలు) మూసుకోవాలి. షేల్ రాయి చీల్చితే తప్ప ధారాళంగా వదలదు గానీ, దారిలో వేరే పొరలు ఉంటాయి కనుక ప్రమాదమే లేదని చెప్పను; ఆ ప్రమాదం కూడా ప్రధానంగా బావి మూతి ఉన్న చోట, మీకు మైలు అవతల. మీరు పట్టించుకోవలసినది మీ నీళ్ల బోరు. గొంజాలెస్ కింద కారిజో ఇసుకరాతి పొరల్లో మంచి నీళ్లున్నాయి. వాటిని కాపాడడానికి ఎంత లోతు దాకా సర్ఫేస్ కేసింగ్ దించాలో కమిషన్ భూగర్భజల విభాగం చెబుతుంది, రూల్ 13 ప్రకారం ఆ కేసింగ్ చుట్టూ సిమెంటు నేల మట్టం దాకా రావాలి. ఫ్రాకింగ్‌లో వాడిన రసాయనాల వివరాలు 2012 నుంచి ఫ్రాక్‌ఫోకస్ అనే వెబ్‌సైటులో పెట్టడం టెక్సస్‌లో తప్పనిసరి, అక్కడ కూడా మీ ఏపీఐ నంబరుతోనే వెతకవచ్చు. కానీ రేపు నీళ్ల రుచి మారిందని మీరు ఎవరికి చెప్పినా, ముందు ఎలా ఉండేదో చెప్పమంటారు. కనుక ఆ చదును మీదికి రిగ్గు రాకముందే మీ బోరు నీళ్లు ఒక గుర్తింపు ఉన్న ల్యాబుకు పంపి, మీథేన్, క్లోరైడ్, కరిగిన లవణాలు ఎంతున్నాయో తేదీతో సహా రిపోర్టు తీసుకుని డీడ్‌తోపాటు దాచుకోండి.

ముందు డీడ్ తీయండి. మినహాయింపుల భాగంలో ఖనిజాల గురించి రాసిన వాక్యాన్ని ఉన్నది ఉన్నట్టుగా, పర్మిట్ మీది తేదీతోనూ రెండు టేక్ పాయింట్ల దూరాలతోనూ కలిపి రాసి పంపితే, పైన చెప్పిన వాటిలో మీది ఏదో చూసి చెబుతాను.